ఆటలో దొరికిన పాట

సంగీతం మనిషిని చేరే దారులు అనేకం. ఊయల దగ్గర తల్లి పాడే జోలపాట వాటిలో మొదటిది. పొలంలో నాట్లు వేసే స్త్రీల పాట, గుడిలో భజన, ఊరి నడుమ వీధిభాగవతం, పెళ్లిలో సన్నాయి మేళం, రేడియో, సినిమా ఆ తరువాతివి. ఈ దారులలో గమనించదగిన విశేషం ఒకటి ఉంది. చాలాచోట్ల వినేవారు సంగీతం కోసమే వచ్చినవారు కారు. నాట్లు వేయడానికి వచ్చినవారు పాట నేర్చుకొన్నారు. పెళ్లికి వచ్చినవారు సన్నాయి విన్నారు. శ్రీకృష్ణుని రాయబారం చూడటానికి పందిట్లో కూర్చున్న ప్రేక్షకుడు తెల్లవారేసరికి రెండు పద్యాలను, నటుడు వాటిని ఆలపించిన రాగాలను వెంటబెట్టుకొని ఇల్లు చేరాడు. ఆ రాగం పేరు అతనికి తెలియకపోవచ్చు. కాని అది మరెక్కడ వినిపించినా అతని చెవి గుర్తుపడుతుంది.

ఇరవయ్యో శతాబ్ది చివరి పాదంలో ఈ దారుల సరసన మరొకటి చేరింది. అది వీడియో గేమ్. ఆడటానికి కూర్చున్న పిల్లవాడికి, తాను వెతకని సంగీతం అందులో ఎదురవుతుంది. ఏ దేశానిదో, ఏ కాలానిదో తెలియని బాణీ వేళ్ల కదలికతో పాటు మనస్సులో నాటుకుపోతుంది. ఇది ఎట్లా జరుగుతున్నది? ఆ విధంగా దొరికిన పాటతో శ్రోతకు ఏర్పడే సంబంధం ఎటువంటిది? ఈ రెండు విషయాలూ ఆలోచించదగినవి.

నాలుగు స్వరాలతో ఆరంభం

వీడియో గేములలో తొలుత సంగీతం లేదు. 1972లో వచ్చిన పాంగ్ అనే ఆటలో బంతి తగిలినప్పుడల్లా వినిపించే చిన్న శబ్దాలు మాత్రమే ఉండేవి. 1978లో జపానుకు చెందిన టైటో సంస్థ విడుదల చేసిన స్పేస్ ఇన్వేడర్స్ ఆటలో ఒక మార్పు కనిపిస్తుంది. తొమోహిరో నిషికాడో రూపొందించిన ఆ ఆటలో ఆకాశం నుంచి శత్రువులు వరుసలు కట్టి దిగివస్తుంటారు. వారి అడుగులకు తోడుగా మంద్రస్థాయిలో నాలుగు స్వరాలు మళ్లీ మళ్లీ మోగుతాయి. ఆటగాడు శత్రువులను కూల్చిన కొద్దీ మిగిలినవారు వేగంగా కదులుతారు. స్వరాలు కూడా వారితో పాటే వేగం అందుకొంటాయి. నాలుగు స్వరాలను సంగీతమని పిలవవచ్చునా అన్నది వేరే ప్రశ్న. కాని ఆటగాని చర్యను బట్టి కాలప్రమాణం మారే ధ్వని అప్పటి శ్రోతలకు కొత్త అనుభవం.

1983లో నింటెండో సంస్థ జపానులో ఫామికామ్ అనే ఆటయంత్రాన్ని విడుదల చేసింది. టెలివిజనుకు తగిలించి ఇంట్లోనే ఆడుకొనే పెట్టె ఇది. దీనిలోని ధ్వనిభాగానికి అయిదు గొంతుకలు ఉన్నాయని చెప్పుకోవచ్చు. రెండు గొంతుకలు చతురస్రాకారపు తరంగాలను, ఒకటి త్రిభుజాకారపు తరంగాన్ని పుట్టిస్తాయి. నాలుగోది గాలి హోరు వంటి రొదను ఇస్తుంది. అయిదోది ముందుగా రికార్డు చేసిన చిన్న చిన్న ధ్వని శకలాలను వినిపిస్తుంది. సంగీతకర్త తన భావమంతా ఈ అయిదింటితోనే పలికించాలి. సాధారణంగా మొదటి రెండూ బాణీని మోసేవి. మూడోది మంద్రంలో ఆధారంగా నిలిచేది. రొద గొంతుక డప్పు పని చేసేది.

1985లో ఈ యంత్రం మీద సూపర్ మారియో బ్రదర్స్ అనే ఆట వచ్చింది. బొమ్మలు, నియమాలు, శబ్దాలు, సంగీతం అన్నీ కలిసి సుమారు 40 కిలోబైట్లలో ఇమిడిన ఆట అది. నేడు సెల్‌ఫోనుతో తీసే ఒక్క ఫోటో దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. అంత ఇరుకైన చోటులో కోజీ కొండో అనే యువ సంగీతకర్త ఒక్కొక్క ఘట్టానికి ఒక్కొక్క నడకను ఎంచుకొన్నాడు. నేల మీది పరుగుకు తుళ్లిపడే లయ ఇచ్చాడు. భూగర్భంలోని సొరంగాలకు మంద్రంలో ఆగి ఆగి మోగే కొద్దిపాటి స్వరాలు ఇచ్చాడు. నీటి లోపలి ఈతకు వాల్ట్‌జ్, అనగా మూడేసి మాత్రల నడక గల పాశ్చాత్య నృత్యగతిని ఇచ్చాడు. కర్ణాటక సంగీతంతో పరిచయం ఉన్నవారికి తిశ్రగతి అంటే ఇది సులభంగా బోధపడుతుంది. ఇచ్చిన గడువు ముగింపుకు వచ్చినప్పుడు అదే బాణీ హఠాత్తుగా వేగం పుంజుకొంటుంది. వాల్ట్‌జ్ అనే మాట ఎన్నడూ వినని పిల్లలు ఆ గతిని ఈదుతూ నేర్చుకొన్నారు. 2023లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తమ దేశం భద్రపరచుకోవలసిన ధ్వనిముద్రణల పట్టికలో ఈ ఆటలోని ప్రధాన బాణీని చేర్చింది. ఆ పట్టికకు ఎక్కిన మొదటి వీడియో గేమ్ సంగీతం అదే.

చెవికి పట్టుబడే తీరు

ఒక పాటను రేడియోలో విన్న శ్రోత నచ్చకపోతే స్టేషను మారుస్తాడు. ఆటలో ఆ వీలు తక్కువ. ఒక ఘట్టాన్ని దాటలేక పదిసార్లు ఓడిపోయిన ఆటగాడు ఆ ఘట్టపు బాణీని పదిసార్లు వింటాడు. ఆట ఎంతసేపు సాగుతుందో ముందుగా తెలియదు. కనుక సంగీతం చివరికి వచ్చిన వెంటనే అతుకు తెలియకుండా మొదటికి కలిసేటట్లు కూర్చుతారు. ఈ ఆవృత్తి కొత్త సంగీతం పట్ల ఉండే బెరుకును క్రమంగా పోగొడుతుంది.

దీనికి మనస్తత్వ శాస్త్రంలో ఆధారం ఉంది. రాబర్ట్ జైయన్స్ అనే శాస్త్రవేత్త 1968లో ప్రకటించిన ప్రయోగాలలో కొందరికి అర్థం తెలియని పదాలను, చైనా లిపిని పోలిన గుర్తులను, అపరిచితుల ముఖచిత్రాలను చూపించాడు. కొన్నింటిని ఎక్కువసార్లు, కొన్నింటిని తక్కువసార్లు చూపించాడు. ఎక్కువసార్లు చూసినవాటి పట్ల వారికి సుముఖత పెరిగినట్లు తేలింది. పరిచయం మాత్రం చేతనే ఇష్టం ఏర్పడగలదన్నది దీని సారాంశం. అభ్యాసం వల్ల రాగం రాణిస్తుందనీ, చేదు సైతం రుచిస్తుందనీ లోకానుభవంతో చెప్పిన వేమన తెలుగువారికి ఈ సత్యాన్ని ఏనాడో అందించాడు.

ఆవృత్తి ఒక్కటే కారణమైతే గోడగడియారం చప్పుడు కూడా అందరికీ ప్రియమైనదే కావలసి ఉంటుంది. ఆట సంగీతానికి మరొక బలం ఉంది. అది శ్రోత చేసే పనితో ముడిపడి ఉంటుంది. 1990లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్ ఆటలో కథానాయకుడు యోషీ అనే జంతువు మీదికి ఎక్కగానే అప్పటిదాకా వినిపించే బాణీకి తాళవాద్యాల చప్పుడు తోడవుతుంది. దిగగానే ఆ తాళం ఆగిపోతుంది. బాణీ మాత్రం ఎక్కడా తెగదు. ఒకే బాణీకి ఒక్కొక్క వాద్యం చేరినప్పుడు కలిగే తేడా ఏమిటో ఆ పిల్లవాడు తన చేతితో తానే పరీక్షించి తెలుసుకొంటున్నాడు. ఎక్కి చూస్తాడు, దిగి చూస్తాడు, మళ్లీ ఎక్కుతాడు. గాయకుని వెనుక మృదంగం అందుకొన్న క్షణంలో సభలో కలిగే కదలిక ఎటువంటిదో అతనికి ఆ విధంగా తెలిసివస్తుంది.

మూటల వర్తకుల పాట

ఆట ద్వారా పాట దేశాలు దాటిన తీరుకు టెట్రిస్ చక్కని ఉదాహరణ. పైనుంచి రాలే రకరకాల ముక్కలను సందులు లేకుండా పేర్చే ఈ ఆటను 1980ల మధ్యలో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. 1989లో నింటెండో వారి గేమ్ బాయ్ అనే చేతిపెట్టెతో కలిసి అది లోకమంతటా వ్యాపించింది. ఆ రూపానికి సంగీతాన్ని సమకూర్చినవాడు హిరోకాజు తనాకా. ఆట మొదలుపెట్టే ముందు ఆటగాడు మూడు బాణీలలో ఒకదానిని ఎంచుకోవచ్చు. మొదటిది రష్యాకు చెందిన ఒక జానపద గేయపు బాణీ. మూడోది పదునెనిమిదో శతాబ్ది జర్మన్ సంగీతకర్త బాఖ్ రచించిన ఫ్రెంచ్ సూట్లలోని ఒక మినుయెట్. పాశ్చాత్య శాస్త్రీయ సంగీత సభలకు ఎన్నడూ వెళ్లని లక్షలాది పిల్లలు బాఖ్ రచనను బస్సులలో, బడి మెట్ల మీద, పడకల మీద విన్నారు.

మొదటి బాణీకి ఉన్న కథ మరింత ఆసక్తికరమైనది. ఆ పాట పేరు కొరొబెయినికి. పెట్టెలు, మూటలు వీపున మోసుకొని ఊరూరా తిరుగుతూ బట్టలు, రిబ్బన్లు, చిల్లర సామాను అమ్ముకొనే వర్తకులను రష్యాలో ఆ పేరుతో పిలిచేవారు. 1861లో నికొలాయ్ నెక్రాసొవ్ అనే కవి వారి జీవితం ఇతివృత్తంగా ఒక కావ్యం రాశాడు. దాని ఆరంభ భాగం ప్రజల నోళ్లలో పడి జానపద గేయమైపోయింది. పైరు ఏపుగా పెరిగిన చేనిలో ఒక యువ వర్తకుడు, ఒక పల్లెపడుచు సరుకుల ధర గురించి బేరమాడుకోవడం, ఆ బేరం వెనుక వలపు పొటమరించడం ఈ పాటలోని విషయం. కావ్యం పాటగా మారింది. పాట పదాలను విడిచి బాణీగా మిగిలింది. ఆ బాణీ జపాను సంగీతకర్త చేతిలో గేమ్ బాయ్ ధ్వనిగా మారి ప్రపంచమంతా తిరిగింది. వీపున మూటతో తిరిగిన వర్తకుని పాట చేతిలో ఇమిడే పెట్టెలో లోకసంచారం చేసింది.

అయితే ఈ ప్రయాణంలో ఒక నష్టం కూడా జరిగింది. నేడు ఆ బాణీ వినిపిస్తే చాలామంది దానిని టెట్రిస్ పాట అంటారు. నెక్రాసొవ్ పేరు, రష్యా పల్లె, మూటల వర్తకుడు, బేరమాడే పడుచు అందరూ ఆ మాట వెనుక మరుగున పడ్డారు. పాట అందింది గాని ఊరూ పేరూ అందలేదు. ఆట ద్వారా జరిగే సంగీత పరిచయంలోని మేలూ లోటూ రెండూ ఈ ఒక్క ఉదాహరణలోనే కనిపిస్తాయి.

నాగరికతల బాణీలు

కొన్ని ఆటలు వివిధ దేశాల సంగీతాన్ని బుద్ధిపూర్వకంగా అందిస్తాయి. ఒక నాగరికతను ఆదిమ దశ నుంచి ఆధునిక యుగం వరకు నడిపించే సివిలైజేషన్ అనే ఆటల వరుస వీటిలో ముఖ్యమైనది. 2005లో వచ్చిన దాని నాలుగో భాగానికి అమెరికన్ సంగీతకర్త క్రిస్టఫర్ టిన్ ‘బాబా యేతు’ అనే ఆరంభగీతం కూర్చాడు. తూర్పు ఆఫ్రికాలో విస్తృతంగా మాట్లాడే స్వాహిలీ భాషలో ఆ మాటకు ‘మా తండ్రీ’ అని అర్థం. క్రైస్తవుల ప్రసిద్ధ ప్రార్థనకు అది స్వాహిలీ రూపం. 2009లో టిన్ ఆ గీతాన్ని తన ఆల్బంలో చేర్చాడు. 2011లో దానికి గ్రామీ పురస్కారం లభించింది. వీడియో గేమ్ కోసం పుట్టిన సంగీతానికి ఆ పురస్కారం దక్కడం అదే ప్రథమం. స్వాహిలీ అనే భాష ఒకటి ఉన్నదని ఆ గీతం ద్వారానే తెలుసుకొన్న ఆటగాళ్లు ఎందరో ఉంటారు.

2016లో వచ్చిన ఆరో భాగంలో ప్రతి నాగరికతకూ ఆ నేలకు చెందిన ఒక బాణీని ఆధారంగా తీసుకొన్నారు. యుగం మారిన కొద్దీ ఆ బాణీయే విస్తరిస్తుంది. ఆదియుగంలో ఒకటి రెండు వాద్యాలతో వినిపించినది, అణుయుగం వచ్చేసరికి పెద్ద వాద్యబృందంతో ధ్వనిస్తుంది. అందులో భారతదేశానికి తీసుకొన్న బాణీ ‘వైష్ణవ జనతో’. పదునైదో శతాబ్ది గుజరాతీ భక్తకవి నరసింహ మెహతా రచించిన ఆ భజన గాంధీజీకి ప్రీతిపాత్రమైనది. గ్రీసు దేశానికి తీసుకొన్నది సీకిలొస్ అనే వ్యక్తి పేరుతో చెక్కిన ఒక శిలాఫలకంలోని పాట. క్రీస్తుశకం తొలి రెండు శతాబ్దుల నాటిదిగా భావించే ఆ స్తంభం నేటి తుర్కియే దేశంలో 1883లో బయల్పడింది. ఇప్పుడు అది డెన్మార్క్ జాతీయ మ్యూజియంలో ఉంది. పదాలూ స్వరాలూ రెండూ చెడకుండా సంపూర్ణంగా మిగిలిన సంగీత రచనలలో ప్రపంచంలో అదే అత్యంత ప్రాచీనమైనదని పండితుల అభిప్రాయం. మ్యూజియంలో అద్దాల వెనుక ఉన్న రాతిమీది పాట, హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో గదిలో కూర్చున్న విద్యార్థి చెవికి ఆటరూపంలో చేరుతున్నది.

ఊరి ఇంటర్నెట్ సెంటరులో

మన దేశానికి ఈ ఆటలు రెండు దారులలో వచ్చాయి. 1990లలో ఫామికామ్‌ను అనుకరించి తయారుచేసిన చవక పెట్టెలు పట్టణాలలోని దుకాణాలకు చేరాయి. వేసవి సెలవులలో వాటి ముందు చేరిన పిల్లలకు మారియో బాణీ నోటికి వచ్చేసింది. ఆ తరువాత కంప్యూటరు శిక్షణ కేంద్రాలు, ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి. అక్కడి కంప్యూటర్లలో తరచుగా కనిపించిన ఆటలలో మోటారు సైకిళ్ల పందెం రోడ్ రాష్ ఒకటి. 1996లో కంప్యూటరుకు వచ్చిన ఈ ఆటలో అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన సౌండ్‌గార్డెన్ వంటి రాక్ బృందాల పాటలు ఉన్నాయి. ఆ బృందాల కేసెట్లు దొరికే దుకాణం ఊళ్లో లేకపోయినా వారి గిటారు నాదం ఊరిలోకి ప్రవేశించింది.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. మారియో బాణీ ఆట కోసమే పుట్టినది. రోడ్ రాష్‌లోని పాటలు అంతకుముందే ఆల్బంలుగా వెలువడి, అనుమతితో ఆటలో చేరినవి. ఈ రెండో పద్ధతి క్రమంగా బలపడింది. 1999లో వచ్చిన టోనీ హాక్స్ ప్రో స్కేటర్ అనే ఆట పంక్, స్కా మొదలైన సంగీతరీతులను కొత్త తరానికి పరిచయం చేసింది. 2005లో వచ్చిన గిటార్ హీరో మరొక అడుగు ముందుకు వేసింది. అందులో ఆటగాని చేతిలో అయిదు రంగుల మీటలున్న ప్లాస్టిక్ గిటారు ఉంటుంది. తెర మీద దిగివచ్చే రంగు గుర్తులకు సరిగ్గా మీటలు నొక్కితేనే పాట సక్రమంగా సాగుతుంది. తప్పితే గిటారు మూగబోతుంది. డీప్ పర్పుల్ బృందం 1972లో వెలువరించిన ‘స్మోక్ ఆన్ ద వాటర్’ అందులో ఒకటి. తాము పుట్టక ముందటి పాటను ఆ ఆట మూలంగా వేళ్లతో నేర్చుకొన్న పిల్లలు, పాటలో గిటారు పలికే భాగమేదో, తీగవాద్యపు ఆధారం ఏదో విడదీసి వినడం అలవరచుకొన్నారు. ప్లాస్టిక్ మీటలు నొక్కడం గిటారు వాయించడం కాదు. అయినా వినడంలో శ్రద్ధ నేర్పిన మేరకు అది అభ్యాసమే.

పేరు లేని కర్తలు

ఇంత సంగీతాన్ని అందించినవారి పేర్లు మాత్రం చాలాకాలం తెర వెనుకనే ఉండిపోయాయి. 1980లలో జపాను సంస్థలు అనేకం తమ ఉద్యోగుల అసలు పేర్లను ఆటలలో ప్రకటించేవి కావు. ప్రతిభావంతులను పోటీ సంస్థలు ఆకర్షిస్తాయన్న భయం ఇందుకు ఒక కారణమని చెబుతారు. 1986 నాటి మెట్రాయిడ్ ఆటలో హిరోకాజు తనాకా పేరు ‘హిప్ తనాకా’ అని కనిపిస్తుంది. 1987 నాటి మెగా మ్యాన్ ఆటకు సంగీతం కూర్చిన మనామి మత్సుమాయె అనే మహిళ ‘చాంచకోరిన్ మనామి’ అనే మారుపేరుతో దర్శనమిస్తుంది. లక్షలమంది నోట మెదిలే బాణీ ఉంది. దాని కర్త ఎవరో ఆ లక్షలమందికి తెలియదు.

తెలుగు సాహిత్య చరిత్రలో దీనికి విపర్యయం వంటి ఘట్టం ఒకటి ఉంది. పదునైదో శతాబ్దికి చెందిన తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో ఒక అరలో భద్రపరిచారు. ఇరవయ్యో శతాబ్దిలో అవి లోకానికి వెల్లడి అయ్యాయి. కర్త పేరు ఉంది, సాహిత్యం ఉంది, రాగం పేరు కూడా ఉంది. కాని వాటిలో అత్యధిక భాగానికి స్వరలిపి లేదు. అన్నమయ్య పాడిన బాణీ ఏదో తెలియదు. అందుచేత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు అనేక సంకీర్తనలకు తామే స్వరాలు కూర్చవలసివచ్చింది. అక్కడ పేరు నిలిచి బాణీ పోయింది. ఇక్కడ బాణీ నిలిచి పేరు పోతున్నది. రెండింటిలోనూ సంగీతం సగమే మిగులుతుంది.

ఆటలోని సంగీతం శాశ్వతమన్న నమ్మకం కూడా సరికాదు. బయటి పాటలను ఆటలో వాడుకొనే అనుమతి తరచుగా కొంత గడువుకే లభిస్తుంది. 2010లో వెలువడిన అలన్ వేక్ అనే ఆట, అందులోని పాటల అనుమతి గడువు తీరినందువల్ల 2017లో అమ్మకం నుంచి తొలగింది. అనుమతిని పునరుద్ధరించిన అనంతరం 2018లో మళ్లీ లభించింది. పాటను ఆటలో మాత్రమే ఎరిగిన శ్రోతకు, ఆట అందుబాటులో లేని నాడు పాట కూడా అందదు. పేరు తెలిసినవానికి అది మరొక చోట దొరుకుతుంది.

కొన్ని జాగ్రత్తలు

ఆటలో వినిపించేదంతా ఆ దేశపు అసలైన సంగీతమే అనుకోవడం పొరపాటు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ రెండో భాగంలో ఒక్కొక్క యోధునికి ఒక్కొక్క దేశం, ఆ దేశాన్ని స్ఫురింపజేసే బాణీ ఉన్నాయి. దాని సంగీతంలో అధిక భాగం రచించిన యోకో షిమొమురా ప్రతిభావంతురాలు. అయినా ఆ ఆటలో భారతదేశం అంటే నిప్పులు కక్కే యోగి, అతని వెనుక బారులు తీరిన ఏనుగులు. భారతీయ విద్యార్థి ఆ దృశ్యాన్ని చూసి నవ్వుకొంటాడు. ఇతర దేశాల ఘట్టాలను చూసేటప్పుడు ఆ దేశపు విద్యార్థి కూడా అదేవిధంగా నవ్వుకొంటూ ఉండవచ్చునన్న ఊహ అతనికి కలగాలి. ఆటలోని బాణీ ఒక దేశపు సంగీతానికి గుమ్మం వంటిది. గుమ్మాన్నే ఇల్లనుకోరాదు.

ఆటల ఎంపికలో వయోపరిమితిని పాటించడం, ఆటకు కేటాయించే కాలాన్ని అదుపులో ఉంచుకోవడం కూడా అవసరమే. మంచి పాటలు ఉన్నాయన్న కారణం చేత పెద్దల కోసం చేసిన హింసాత్మకమైన ఆటను పిల్లలు ఆడనక్కరలేదు. ఆ పాటలు ఆట వెలుపల కూడా లభిస్తాయి.

ఆట ముగిసిన తరువాత

ఆటలో దొరికిన పాటను పూర్తిగా తనది చేసుకోవడానికి చేయవలసిన పని కష్టమైనదేమీ కాదు. ఆట ముగిసినప్పుడు తెర మీద పేర్ల పట్టిక పైకి జరుగుతూ పోతుంది. చాలామంది అప్పటికే లేచిపోతారు. ఆ కొద్ది నిమిషాలు ఆగి సంగీతకర్త పేరు రాసుకోవడం మొదటి మెట్టు. ఆ పాటను ఆట లేకుండా, వేరే పని చేయకుండా, మొదటి నుంచి చివరివరకు ఒకసారి వినడం రెండోది. అందులో ఏ వాద్యాలు ఉన్నాయి, నడక ఎన్ని మాత్రలది, భాష ఏది అని ప్రశ్నించుకోవడం మూడోది. అదే కర్త కూర్చిన మరొక రచనను, అదే సంప్రదాయానికి చెందిన మరొక పాటను వెతికి వినడం నాలుగోది. ఈ నాలుగు మెట్లు ఎక్కిన విద్యార్థి టెట్రిస్ నుంచి నెక్రాసొవ్ వరకు, మారియో ఈత నుంచి వాల్ట్‌జ్ నృత్యం వరకు వెళ్లగలడు.

ఆట సంగీతం సభా గౌరవం పొందడం కూడా ఇటువంటి శ్రోతల వల్లనే సాధ్యమైంది. కొయిచీ సుగియామా 1986 నాటి డ్రాగన్ క్వెస్ట్ ఆటకు కూర్చిన సంగీతాన్ని 1987లోనే టోక్యోలోని సంటోరీ హాలులో వాద్యబృందం వినిపించింది. 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవంలో వివిధ దేశాల క్రీడాకారులు నడిచి వచ్చేటప్పుడు వినిపించిన సంగీతంలో డ్రాగన్ క్వెస్ట్ బాణీ ఒకటి. 2022లో లండనులో బి.బి.సి. ఏటా జరిపే ప్రామ్స్ సంగీతోత్సవంలో వీడియో గేమ్ సంగీతానికి తొలిసారిగా ఒక కచేరీని కేటాయించారు.

దక్షిణ భారతీయ సంగీతానికి కూడా ఈ దారి తెరుచుకొన్నది. 2023లో కెనడాలోని టొరంటో నుంచి వెలువడిన వెన్బా అనే ఆట, 1980లలో ఆ దేశానికి వలసవెళ్లిన ఒక తమిళ కుటుంబం కథ. తల్లి వంట చేస్తుంటే రేడియోలో పాటలు వినిపిస్తాయి. కాలం మారుతున్న కొద్దీ ఆయా దశాబ్దాల తమిళ సినిమా సంగీతం పోకడలను అనుసరించి కూర్చిన కొత్త పాటలు అవి. 2024లో ఆ ఆటకు తొలి కృతుల విభాగంలో బ్రిటన్‌కు చెందిన బాఫ్టా పురస్కారం లభించింది. ఇడ్లీ, పులుసు వండటం నేర్చుకొంటూ ఎక్కడో ఉన్న ఆటగాడు తమిళ పాటను వింటున్నాడు. బుర్రకథలోని తంబుర శ్రుతిని, ఒగ్గుకథలోని డోలు మోతను, జంగమ కథల నడకను అదేవిధంగా లోకానికి వినిపించగల ఆటలను నేటి తెలుగు విద్యార్థులు రూపొందించవచ్చు. కంప్యూటరు విద్యలో తెలుగువారికి లోటు లేదు, బాణీలకూ లోటు లేదు. ఆ రెండూ తెలిసినవారు కావాలి.

పద్యనాటకం చూసి ఇంటికి వెళ్లిన ఆనాటి ప్రేక్షకుడు మరునాడు ఊళ్లో హార్మోనియం తెలిసినవారి దగ్గరకు వెళ్లి, నిన్న రాత్రి విన్న రాగం పేరేమిటని అడిగితే, అతని ముందు ఒక సంగీత సంప్రదాయమే తెరుచుకొనేది. అడగనివాడు ఆ రెండు పద్యాల దగ్గరే ఆగిపోయేవాడు. ఆట ముందు కూర్చున్న నేటి విద్యార్థి కూడా ఆ ప్రేక్షకుని స్థానంలోనే ఉన్నాడు. పాట అతనికి వెతకకుండానే దొరికింది. దాని పేరును మాత్రం అతడే అడిగి తెలుసుకోవాలి.